గట్టు మీద హారన్

కిందటి వారం నాంచారయ్యను బందరులో కొండమ్మ టీ బడ్డీ ముందు, చేతిలో గ్లాసుతో వదిలి వచ్చాం. ప్రమాదం జరిగిన రెండేళ్ళకు అతను మళ్ళీ లారీ ఎక్కాడు. లారీ అదే. గుడివాడ వెంకట్రామయ్యగారి చేపల లారీ, ఒకప్పుడు మొదటి డ్రైవరుగా అతను నడిపింది. ఇప్పుడు దాని మొదటి డ్రైవరు దైవాధీనం, నాంచారయ్య పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు. నాంచారయ్య ఇప్పుడు రెండో డ్రైవరు. ఐసు ఎత్తుకోవడానికి బందరులో ఆగినప్పుడు కొండమ్మ, ఈమధ్యే బడ్డీ పెట్టింది గనుక అతనెవరో తెలియక, టీ పోస్తూ నవ్వింది. "మీ దైవాధీనం కోడూరు అవతల కాలవ గట్టు మీద ఎవరికోసవో హారన్ కొడతాడంటగా! ఆ ఇంట్లోంచి ఒకావిడ బయటికొస్తదంట. లోడు కుర్రాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు" అంది.

ఆ గట్టు పక్కన ఉన్న ఇల్లు ఒక్కటే. అది నాంచారయ్య అత్తవారిల్లు. ప్రమాదం తరువాత అతని భార్య వెంకటలక్ష్మి కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది ఆ ఇంటికే.

టీ చల్లారిపోయింది. నాంచారయ్య గ్లాసు బల్ల మీద పెట్టి లారీ వైపు నడిచాడు.

ఐసు దిమ్మల మీద ఊక చల్లి, టార్పాలిన్ లాగి కట్టారు. ఎండ బాగా ఉంది. బందరు దాటి చల్లపల్లి రోడ్డు ఎక్కేసరికే కరిగిన నీళ్ళు వెనక సన్నగా కారుతూ, వచ్చిన దారిని తడిపి గీస్తున్నాయి. నాంచారయ్య ఎడమ వైపు కూర్చున్నాడు. ఇన్నేళ్ళు నడిపిన లారీలో ఎడమ సీటు నుంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో అతనికి ఇవాళే తెలిసింది. చెట్లు మీదికి వచ్చినట్టు అనిపిస్తాయి. ఎదురు బస్సు తప్పుకున్న ప్రతిసారీ కుడికాలు దానంతట అదే కింద వెతుక్కుంటుంది. అక్కడ బ్రేకు ఉండదు.

అద్దం వంచి ఉంది. దైవాధీనం పొట్టివాడు, తనకు కావలసినట్టు వంచుకున్నాడు. సీటు మీద తన ఒంటికి పడిన గుంత ఎక్కడా లేదు, దాని మీద మరో ఒంటి గుంత పడింది. అద్దం పైన తను అంటించిన నాంచారమ్మ పటం మాత్రం అలాగే ఉంది. దాని పక్కన కొత్తగా చిన్న శిలువ వచ్చింది. పటం తీసేసి ఉంటే బాగుండేదని నాంచారయ్యకు అనిపించింది. తీసేసినవాడిని తిట్టుకోవచ్చు. తుడిచి, కొత్త పూసల దండ వేసినవాడిని ఏమని తిట్టుకోవాలి?

రెండో గేరు ఈ లారీకి మొండిది. నేరుగా తోస్తే పడదు. మధ్యలో ఒక్క క్షణం వదిలేసి, దాని అలక తీరనిచ్చి, అప్పుడు లాగాలి. ఆ కిటుకు కనిపెట్టడానికి నాంచారయ్యకు చాలాకాలం పట్టింది. దైవాధీనం ఇప్పుడు ఆ పని చూడకుండా, మాట్లాడుతూ, సోంపు నములుతూ చేసేస్తున్నాడు. నేను నేర్పిందేగా అనుకుని నాంచారయ్య తృప్తి పడబోయాడు. ఆ తృప్తి నిలవలేదు. నేర్పింది గనుకే వాడి చేతిలో తన చెయ్యి కనిపిస్తోంది. తన చెయ్యి తనకు లేకుండా, వాడి ఒంటికి అతుక్కుని బతికేస్తున్నట్టుంది.

అసూయలో ఒక రకమైన శ్రద్ధ ఉంటుంది. ప్రేమించినప్పుడు కూడా మనిషి ఇంత పరీక్షగా చూడడు. నాంచారయ్య దైవాధీనం చొక్కా చేతుల మడతలు చూశాడు. గడియారం కింద చర్మం తెల్లగా ఉండడం చూశాడు. మెడ దగ్గర కొత్తగా క్షౌరం చేయించుకున్న గీత చూశాడు. కోడూరు వెళ్ళే రోజున క్షౌరం ఎందుకు చేయించుకున్నాడో ఆలోచించాడు.

"ఏంటి బావా, ముంగిలాగా కూర్చున్నావు? కాలు లాగుతోందా?" అన్నాడు దైవాధీనం.

"లేదు."

"లాగితే చెప్పు. ఈ క్లచ్చు నీ కాలికి ఇప్పుడే వద్దు. సరుకెత్తుకుని హౌరా లైనెక్కి, నున్నటి రోడ్డు వచ్చాక నీకిస్తాను. అప్పటిదాకా మహారాజులాగా పడుకో."

"నువ్విస్తావా?"

దైవాధీనం నవ్వాడు. "నేనే కదా ఇవ్వాలి! వెంకట్రామయ్యగారు నన్నేగా అడిగింది, వీడి కాలు పనికొస్తదా అని. పూచీ నాది అన్నాను. ఇప్పుడు నువ్వు కాలవలోకి తోస్తే నన్ను కూడా ఊడబీకుతారు."

తమాషాకే అన్నాడు. నాంచారయ్యకు అది తెలుసు. కానీ అతనికి వినిపించింది ఇంకొకటి. బావా. రెండేళ్ళ కిందట వీడు తనను 'గురువుగారూ' అని పిలిచేవాడు. టీ తెచ్చి ఇచ్చినా, తిట్లు తిన్నా గురువుగారూ అనే. తనను బావా అని పిలిచినవాడు ఈ లారీలో ఒక్కడే ఉండేవాడు. నాని, వెంకటలక్ష్మి తమ్ముడు. నెల్లూరు దారిలో టైరు పేలి లారీ బోల్తా పడ్డ రోజున, ఇదే ఎడమ సీట్లో కూర్చున్నవాడు. నాంచారయ్య ఎడమ కాలిలో ఇనప కడ్డీ వేశారు. నాని ఇంటికి రాలేదు.

వీడు ఆ పిలుపు ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చాడు?

బావ అని ఊరికే కూడా పిలుస్తారు. బస్సు కండక్టరునీ పిలుస్తారు, కిళ్ళీ కొట్టువాణ్ణీ పిలుస్తారు. కానీ గురువుగారు అన్నవాడు బావా అన్నాడంటే మధ్యలో ఏదో జరిగిందన్నమాట. నాంచారయ్య ఆ 'ఏదో' చుట్టూ తిరిగాడు. మోపిదేవి వచ్చింది, వెళ్ళింది. పులిగడ్డ దాటారు. అవనిగడ్డలో దైవాధీనం అరటిపళ్ళు కొని రెండు ఇతని ఒళ్ళో పెట్టాడు. అవి అలాగే ఉన్నాయి.

అతను తన మనసులో ఒక బొమ్మ కట్టుకున్నాడు. లారీ గట్టు ఎక్కుతుంది. హారన్ మోగుతుంది. వెంకటలక్ష్మి పైట సర్దుకుంటూ బయటికి వస్తుంది. ఆ బొమ్మలో ఆమె ముఖం మాత్రం సరిగా రావడం లేదు. తనతో ఉన్నప్పుడు ఎలా నవ్వేదో గుర్తు తెచ్చుకుని ఆ నవ్వు అక్కడ అతికించాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ అతికించాడు. తన కోసం నవ్విన నవ్వునే దొంగిలించి పరాయివాడికి ఇస్తున్నది తనే అని అతనికి తోచలేదు.

కోడూరు దాటాక లారీ కాలవ గట్టు ఎక్కింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో నీటికి గాలి పట్టించే తెడ్లు తిరుగుతున్న చప్పుడు. దూరంగా కొబ్బరి చెట్లు, వాటి కింద పెంకుల కప్పు.

నాంచారయ్య రోడ్డు చూడడం మానేసి హారన్ మీద దైవాధీనం చెయ్యి ఎప్పుడు పడుతుందా అని చూశాడు.

ఇల్లు దగ్గరికి వచ్చింది. పెరటి కంచె మీద ఎండేసిన బట్టలు కనిపిస్తున్నాయి. ఒక చిన్న గౌను కూడా. దైవాధీనం చెయ్యి కదల్లేదు. పైగా లారీ వేగం కాస్త పెంచాడు. ఇల్లు కుడి కిటికీలోంచి వెనక్కి జరిగిపోవడం మొదలుపెట్టింది.

"కొట్టవేం?" అన్నాడు నాంచారయ్య.

"ఏంటి బావా?"

"హారన్. వచ్చినప్పుడల్లా కొడతావుగా. ఇవాళ నేనున్నానని కొట్టవా?"

దైవాధీనం సోంపు నమలడం ఆపాడు. లారీ ఇంకొంత దూరం వెళ్ళి, గట్టు వెడల్పుగా ఉన్న చోట నిలబడింది. ఇంజను ఆడుతూనే ఉంది. ఇంటి కొబ్బరి చెట్లు ఇంకా అద్దంలో కనిపిస్తున్నాయి.

"ఎవరు చెప్పారు?"

"బందరంతా చెప్పుకుంటున్నారు. మొగుడికే ఆఖర్న తెలిసింది."

"నోరు జాగ్రత్త." ఆ మాట అన్నప్పుడు దైవాధీనం గొంతు మారింది. కానీ వెంటనే తగ్గాడు. "నన్ను ఎన్నైనా అను. ఆ అమ్మాయి పేరు దీంట్లోకి లాగకు."

"లాగింది నేనా? బావా బావా అంటూ వరస కలుపుకున్నది నేనా?"

"చెల్లెమ్మ మొగుణ్ణి బావ అనక ఏమనాలి!" దైవాధీనం అరిచాడు. "ఆవిడ నన్ను అన్నయ్యా అంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, నాని బట్టలు నా చేతికిచ్చి అన్నయ్యా అంది. నేను పాస్టరుగారి దగ్గరకెళ్ళి ఏడ్చాను ఆ రోజు. నీకేం తెలుసు? నువ్వు బందరులో మీ అక్క ఇంట్లో గోడకేసి తిరిగి పడుకున్నావు."

దైవాధీనం చేతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పాప కోసం కొట్టాను," అన్నాడు నెమ్మదిగా.

"ఏ పాప?"

"ఏ పాపేంటి? మీ తేజస్విని. నాన్న ఏడీ ఏడీ అని అన్నం మానేసిందంట. వాళ్ళమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. నాన్న లైన్లో ఉన్నాడు, ఐసు కరిగిపోతదని లారీ ఆపడు, గట్టు మీద హారన్ కొట్టి పోతాడు అని చెప్పింది. చెప్పాక నా దగ్గరకొచ్చింది. అన్నయ్యా, అబద్ధం చెప్పేశాను, నువ్వు నిలబెట్టు అంది. అంతే. రెండు పొట్టివి, ఒక పొడుగు. నువ్వు కొట్టేదేగా! కొట్టి, చెయ్యి బయటపెట్టి ఊపుకుంటూ పోతాను. ఆ పిల్ల గట్టు దాకా పరిగెత్తుకొస్తది. వెనకాల వాళ్ళమ్మ వస్తది, కాలవలో పడిపోకుండా పట్టుకోడానికి. ఆవిడ నాకోసం వస్తదంటున్నారా? చూసేవాళ్ళ కళ్ళు పోను!"

"ఎప్పుడూ ఆగలేదా?"

"ఆగితే మొహం కనపడదూ? దొరికిపోతానుగా."

ఇంజను ఆడుతోంది. నాంచారయ్య దైవాధీనం కుడి చేతిని చూశాడు. స్టీరింగ్ మీద, గడియారంతో, మడత పెట్టిన చొక్కాతో. ఇందాక దీన్ని ఒక దొంగ చెయ్యి అనుకున్నాడు. ఇది అంతకంటే పెద్ద దొంగతనం. రెండేళ్ళుగా తన కూతురు నాన్నా అని కేకేసింది ఈ చేతికి.

అనుమానం పోయింది. భార్య మచ్చలేనిదని తేలింది. మనసు తేలిక పడాలి. నాంచారయ్య తనలో తేలిక కోసం వెతికాడు, దొరకలేదు. తప్పు జరిగి ఉంటే బాగుండేదని లోపల ఎక్కడో ఒకడు అన్నాడు. తప్పు చేసినవాడి కాలరు పట్టుకోవచ్చు. మంచి చేసి మనిషి స్థానం తీసుకున్నవాడిని ఎక్కడ పట్టుకోవాలి? పైగా వీడికి కృతజ్ఞత కూడా చెప్పాలి.

"మరి ఇవాళ ఎందుకు కొట్టలేదు?"

"నువ్వు పక్కనుండగా నీలాగా ఎలా కొట్టమంటావు బావా? సిగ్గేసింది."

నాంచారయ్య తలుపు తీసి దిగాడు. ముందు కుడికాలు, తరువాత ఎడమకాలు ఈడ్చుకుంటూ. లారీ ముందు నుంచి చుట్టు తిరిగి, దైవాధీనం తలుపు దగ్గర నిలబడ్డాడు.

"జరుగు. వెనక్కి తీస్తాను."

"గట్టు మీదా? లోడుతోనా? నీకేవన్నా పిచ్చా? వెనక చక్రం చెరువులోకి జారిందంటే..."

"జరగమన్నాను."

దైవాధీనం అతని ముఖం చూసి జరిగాడు.

సీటు పరాయిగా ఉంది. అద్దం సరిచేసుకున్నాడు. ఎడమకాలు క్లచ్చు మీద వేసి నొక్కితే కడ్డీ పొడవునా నొప్పి తుంటి దాకా పాకింది. అతను దాన్ని పైకి రానివ్వలేదు. లారీ వెనక్కి కదిలింది. దైవాధీనం కిటికీలోంచి సగం బయటకి వేలాడి "కుడికి, కుడికి, చాలు, నీ దేవుడికి దణ్ణం, చాలు" అంటూనే ఉన్నాడు. చక్రాలు గట్టు మధ్యలోనే వచ్చాయి. చేతులు మరిచిపోలేదు. రెండేళ్ళలో మొదటిసారి నాంచారయ్యకు తన ఒంట్లో తాను ఉన్నట్టు అనిపించింది. ఆ సంతోషం ఎంత కొత్తగా ఉందంటే దానికి భయపడ్డాడు.

ఇంటి ఎదుట ఆపి, హారన్ కొట్టాడు. రెండు పొట్టివి, ఒక పొడుగు. ఆ పొడుగుదాన్ని ఠక్కున తెంపేశాడు. అది అతని అలవాటు. లైను నుంచి తిరిగొచ్చినప్పుడల్లా వాళ్ళ ఊరి మలుపులో అలాగే కొట్టేవాడు. అది వినగానే వెంకటలక్ష్మి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

గట్టు మీదికి పాప రాలేదు.

వెంకటలక్ష్మి వచ్చింది. చేతులకు రొయ్యల పొట్టు అంటుకుని ఉంది, అలాగే వచ్చింది. దాదాపు పరిగెత్తింది. ఒక్క క్షణం ఆమె ముఖం, అతను దారంతా కట్టుకున్న బొమ్మలో కుదరని ముఖం, అచ్చంగా కనిపించింది. ఆ తెంపు ఎవరిదో ఆమెకు తెలుసు. అంతలో నాని గుర్తుకొచ్చినట్టున్నాడు. ముఖం మూసుకుపోయింది.

ఆమె ఫుట్‌బోర్డు ఎక్కి తలుపు పట్టుకుంది. అతని వైపు చూసింది, అతనికి అవతల దైవాధీనాన్ని చూసింది.

"ఎందుకు తీసుకొచ్చావన్నయ్యా?"

"నేను తేలేదమ్మా. ఆయనే..."

"లక్ష్మీ," అన్నాడు నాంచారయ్య. "అది ఎక్కడ?"

"లోపలుంది. వచ్చింది వాళ్ళ నాన్న లారీ కాదంటోంది. హారన్ వేరేగా ఉందంట." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు దిగకు."

"నా కూతుర్ని చూడ్డానికి దిగకూడదా?"

"ఆ కాలితో దిగకు. అది రోజూ బళ్ళో చెప్పుకుంటది, మా నాన్న ఆగకుండా హౌరా దాకా పోతాడు, మా నాన్నని ఎవరూ దాటలేరు అని. దానికి తెలిసిన నాన్నకి ఏ దెబ్బా తగల్లేదు. దాని నాన్న లారీ ఎప్పుడూ బోల్తా పడలేదు. మావయ్య కూడా ఆ లారీలోనే దూరం వెళ్ళాడనుకుంటోంది. నువ్వు దిగితే అన్నీ అడుగుద్ది. నేను చెప్పలేను."

"ఎప్పటికీ చెప్పవా?"

"ఇవాళ చెప్పలేను. ఒక పని చెయ్యి. అన్నయ్య కొట్టినట్టు కొట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపో. ఆ పొడుగుది మలుపు దాకా సాగదియ్యాలి. తెంపకు."

దైవాధీనం తల దించుకున్నాడు. నాంచారయ్య తన అరచేతిని చూసుకున్నాడు. తన హారన్‌ను, దాన్ని అనుకరించినవాడిలా తను అనుకరించాలి. అలా చేస్తే తన కూతురు తనను గుర్తుపడుతుంది. అప్పుడే అతనికి ఇంతసేపూ తనను కాల్చినవాడు ఎవరో కనిపించాడు. దైవాధీనం కాదు. ఈ గట్టు మీద రెండేళ్ళుగా ఒకడు తిరుగుతున్నాడు. వాడికి కుంటికాలు లేదు. వాడి చేతిలో ఎవరూ చావలేదు. వాడి పేరు నాంచారయ్య. వాడి పక్కన తను ఎందుకూ కొరగాడు.

"అమ్మా!"

ఆరేళ్ళ పిల్ల పెరటి గుమ్మంలోకి వచ్చింది. గౌను అంచు నోట్లో పెట్టుకుని లారీని చూస్తోంది. నంబరు చూసింది, రంగు చూసింది. అద్దం మీద ఎండ పడి లోపలి మనుషులు కనబడడం లేదు. ఎప్పుడూ ఆగని లారీ ఆగి ఉంది.

ఆ సంగతి పిల్లకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. గౌను అంచు నోట్లోంచి జారింది.

"ఆగావా నాన్నా! దిగుతున్నావా?"

గట్టు ఎక్కడానికి పరిగెత్తుకుంటూ వస్తోంది. వెంకటలక్ష్మి రొయ్యల పొట్టు అంటిన చేతులు రెండూ తలుపు పిడికి బిగించింది. "కొట్టు," అంది గుసగుసగా, "దణ్ణం పెడతాను, కొట్టి కదిలించు."

నాంచారయ్య ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. అతను భుజం ఆనించి తలుపును లోపలి నుంచి తోశాడు.

బయటి నుంచి ఆమె వదల్లేదు.